అక్క వైపు చక్రం

"బావమరిదీ, నువ్వు వేసిన కొత్త బేరింగ్ కూడా ఆ పాటే అందుకుంది. పైగా శ్రుతి పెంచింది" అని బావ ఫోన్‌లో నవ్వుతూనే అన్నాడు గానీ, మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. పరాయివాళ్ళ బండి అయితే నాలుగు మాటలు పడి ఊరుకునేవాడు. ఇది సొంత అక్క ఎక్కే పికప్పు. వెనక నర్సరీ మొక్కల బరువేసుకుని రేపు పొద్దున్నే కొండ దిగాల్సిన బండి. దిగేటప్పుడు బేరింగ్ పట్టేసిందంటే లోపలున్నవాళ్ళు ఏమవుతారో అతనికి బాగా తెలుసు.

పోయిన వారం అక్క చెప్పింది ఒక్కటే మాట. "నా వైపు ముందు చక్రంలోంచి హూఁ అని ఒకటే రొదరా తమ్ముడూ." బావ నడుపుతాడు, అక్క పక్కన కూర్చుంటుంది, పెళ్ళయిన నాటి నుంచీ అంతే. అందుకని పక్క సీటు వైపు చక్రం విప్పాడు, బేరింగ్ మార్చాడు, పంపించేశాడు. చిన్నప్పటి నుంచీ అక్క మాటంటే అతనికి అంత గురి. చక్రం పైకెత్తి ఊపి చూడకుండా పని మొదలెట్టింది అతని జన్మలో ఆ ఒక్కసారే.

ఈసారి ఎవరి మాటా వినదలుచుకోలేదు. ముందు తన షెడ్డులోని చెత్త డబ్బాలో చెయ్యి పెట్టి ఆ పాత బేరింగ్ వెతికి తీశాడు. గ్రీజు తుడిచి, లోపలి రింగులో వేళ్ళు పెట్టి తిప్పాడు. గరగర లేదు, వెన్నలా తిరిగింది. బంగారంలాంటి బేరింగ్‌ని పీకి పారేశానన్నమాట అని తనని తాను తిట్టుకుని, ఈ రోజు దీని సంగతి తేల్చందే ఇంటికి వెళ్ళేది లేదనుకుని నర్సరీకి బయల్దేరాడు.

బావ స్టూలు మీద కూర్చుని ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతున్నాడు. అక్క ఎక్కడో వెనక మొక్కలకి నీళ్ళు పెడుతోంది.

"రండి డాక్టరు గారూ. రోగి అదిగో, అక్కడుంది. వైద్యం వికటించింది" అన్నాడు బావ.

"నవ్వు, నవ్వు. పద, ఒక చుట్టు తిరిగొద్దాం. నువ్వు నడుపు, నేను వింటాను."

"నువ్వే నడుపు. నా చేతులకి మట్టి."

మెకానిక్ ఆశ్చర్యపోయాడు. పెళ్ళినాడు కూడా కారు తనే నడుపుతానని పేచీ పెట్టిన మనిషి ఈయన. మట్టికి భయపడి స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వడమా?

తలుపు తీసి ఎక్కబోతే మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కున్నాయి. సీటు బాగా ముందుకి లాగి ఉంది. తలెత్తి అద్దంలో చూస్తే, వెనక దారికి బదులు బండి వెనక తొట్టిలో రాలిన ఆకులు కనిపించాయి. బావ గుమ్మం దాటాలంటే తల వంచాలి. అక్క అటక మీద డబ్బా దించాలంటే స్టూలెక్కాలి. మెకానిక్ సీటు వెనక్కి జరుపుకుని బండి తీశాడు.

నిదానంగా పోయినంతసేపు బండి బుద్ధిగానే ఉంది. వేగం పెరిగేసరికి హూఁ మొదలైంది. గేరు న్యూట్రల్లో పడేశాడు. ఇంజను నోరు తగ్గింది గానీ రొద తగ్గలేదు. అంటే చక్రానిదే. ఖాళీ రోడ్డు చూసి బండిని అటూ ఇటూ తిప్పాడు. పక్క సీటు వైపు తిప్పితే, బరువంతా డ్రైవర్ వైపు చక్రం మీద పడి రొద రెట్టింపైంది. ఇటు తిప్పగానే అణిగిపోయింది.

"డ్రైవర్ వైపు చక్రం" అన్నాడు మెకానిక్. "మరి అక్క 'నా వైపు' అంది బావా."

ఎప్పుడూ నాలిక చివర జోకు పెట్టుకు తిరిగే మనిషి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మీ అక్క ఉన్న మాటే చెప్పింది" అన్నాడు. "నాకు కళ్ళు మసకేశాయిరా. ఎదురుగా వచ్చేది ఒక బండో రెండు బళ్ళో తేలట్లేదు. మొదట్లో కొండ దగ్గర మాత్రం స్టీరింగ్ తను తీసుకునేది. ఇప్పుడు మొత్తం తనే. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"చూపించుకుంటే ఇక నడపొద్దంటాడు."

మెకానిక్‌కి బావ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. అన్నిటికంటే ఎక్కువగా భయం వేసింది. మంచి చక్రం విప్పి, చెడ్డ చక్రాన్ని అలాగే ఉంచి, ఆ బండిని తన చేతులతోనే అక్క చేతికిచ్చాడు.

బండి తిన్నగా షెడ్డుకి వెళ్ళింది. జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని కదిలింది. ఒక చెయ్యి చక్రం పక్కనున్న స్ప్రింగ్ మీద వేసి, రెండో చేత్తో చక్రం తిప్పితే, లోపల ఎవరో రాళ్ళు నములుతున్నట్టు స్ప్రింగంతా గరగరలాడింది. ఇంక అనుమానం లేదు.

నడిమి నట్టు తుప్పు పట్టి భీష్మించుకు కూర్చుంది. మెకానిక్ దాని కంటే మొండివాడు. నూనె పోశాడు, కాసేపాగాడు, పానాకి పొడుగాటి పైపు తొడిగాడు.

"బావా, ఇలా వచ్చి వేలాడు. నీ ఒళ్ళు ఇన్నాళ్ళకి పనికొస్తుంది."

"ఇది మీ అక్క వంటకి వచ్చిన ఒళ్ళు, జాగ్రత్తగా మాట్లాడు" అంటూ బావ పైపు కొస పట్టుకుని బరువంతా వేశాడు. నట్టు కీచుమని లొంగింది.

బయటికొచ్చిన బేరింగ్ మాడి నీలం రంగుకి తిరిగి ఉంది. మెకానిక్ దాన్ని బావ అరచేతిలో పెట్టాడు. బావ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు, లాభం లేక వేళ్ళతో తడిమాడు. కళ్ళకి తెలియని గుంటలు వేళ్ళకి తెలిశాయి.

"రేపు ఇది పట్టేసి ఉంటే..." అని మొదలెట్టాడు. బేరింగ్‌ని గబుక్కున కింద పెట్టేశాడు. మొహం పాలిపోయింది.

మెకానిక్ కొత్త బేరింగ్ ప్రెస్సులో పెట్టి నొక్కి, అన్నీ మళ్ళీ బిగించి, చక్రం తిప్పి చూశాడు. స్ప్రింగ్ మీద చేతికి ఏమీ తగల్లేదు. అయినా ఇంకోసారి తిప్పి చూశాడు.

సాయంత్రం అక్క వచ్చేసరికి షెడ్డు ముందు తెలిసినవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్ళని చూసి, నేరుగా పక్క సీటు తలుపు దగ్గరికి నడిచింది.

"అయిందా తమ్ముడూ? అయితే మీ బావని ఒకసారి నడపమను."

మెకానిక్ తాళంచెవి బావ చేతికిచ్చాడు. బావ దాన్ని కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, బండి చుట్టూ తిరిగి వెళ్ళి, అందరూ చూస్తుండగా అక్క చేతిలో పెట్టాడు. అక్క తమ్ముడి మొహం చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డ్రైవర్ వైపు వెళ్ళి ఎక్కి, సీటు ముందుకి లాక్కుంది. బావ ఆ పొడుగు కాళ్ళు ముడుచుకుని పక్కన కూర్చున్నాడు.

రోడ్డు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. మెకానిక్ బావ కిటికీ దగ్గర వంగాడు.

"ఏమన్నా వినిపించిందా?"

"రేపు మొక్కలు దించేశాక కళ్ళ డాక్టరు దగ్గర ఆగుతాంరా" అన్నాడు బావ. తర్వాత సీట్లో వెనక్కి వాలి, "నా వైపు ఏ శబ్దమూ లేదు" అన్నాడు.