లెక్కలో వదిలేసిన ఊపిర్లు

గంగాభవాని ఫోనులో పసిపిల్లల యాప్‌లు మూడున్నాయి. వాటిలో రెండింటిని సముద్రంలో పారేసినా పాపం లేదు. ఒకటి బిడ్డ ఎందుకు ఏడ్చినా ఆకలే అంటుంది. ఇంకొకటి తెరిచీ తెరవగానే డైపర్లు కొనమని పీక మీద కూర్చుంటుంది. మూడోది ఆశా కార్యకర్త పేరమ్మ వేసి ఇచ్చింది. దానికి హంగూ లేదు, ఆర్భాటమూ లేదు. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా తెర మీది కోడిపిల్ల బొమ్మను తట్టాలి. నిమిషం కాగానే బొమ్మ ఆకుపచ్చగా మారితే భయం లేదు, ఎర్రబడితే ఊపిరి మరీ వేగంగా ఉన్నట్టు, ఆసుపత్రికి పరుగెత్తాలి. అంతే.

చిట్టికి మొన్నటి నుంచి దగ్గు. ఈ పొద్దున పాలు తాగడం కూడా మానేసింది. తండ్రి మాల్యాద్రి సముద్రం మీదికి చేపల వేటకు పోయాడు. గంగాభవాని బిడ్డను ఒళ్లో కదలకుండా పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి పట్టుకుని, ఫోను అత్త కామమ్మ చేతికిచ్చింది.

"పొట్ట లేచినప్పుడల్లా తట్టు అత్తా."

కామమ్మ తట్టింది. బొమ్మ ఆకుపచ్చగా మారింది.

"చూసినావా, ఏం లేదు. నువ్వు ఊరికే బెంబేలు పడతావు మే."

గంగాభవానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయినా కళ్లు బిడ్డ మీంచి కదల్లేదు. గబగబా తీస్తున్న ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ఇంత వేగానికి ఆకుపచ్చ ఎట్లా వచ్చింది?

"అత్తా, అన్నీ తట్టినావా?"

"అన్నీ ఎందుకు తడతా? అక్కడక్కడ కొన్ని వదిలేసినా."

ఆ జాలర్ల పాలెంలో పడవ ఒడ్డుకొచ్చినప్పుడు చేపలెన్ని పడ్డాయని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పే మనిషి లేడు. పది గంపలు పడితే ఆరంటారు. దిష్టి భయం. బుద్ధెరిగినప్పటి నుంచి కామమ్మకు అదే అలవాటు.

"చంటిబిడ్డ ఊపిరి మే. మొత్తం లెక్కగట్టి ఎవరి కంటనో పడనిస్తామా?"

గంగాభవానికి కోపం నషాళానికంటింది. కానీ ఆ ముసలి గొంతులో ఉన్నది ప్రేమేనని తెలిసి తమాయించుకుంది. ఫోను లాక్కుని తనే తట్టింది. ఊపిరిని అందుకోలేక వేలు తడబడింది. కోడిపిల్ల ఎర్రబడింది.

కామమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "పక్కింటి చెంగయ్యను ఆటో తెమ్మంటా" అంటూ చెప్పులు కూడా లేకుండా ఇసకలో పరుగెత్తింది.

అల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసీ చూడగానే ఆక్సిజన్ పెట్టించింది, సూది మందు వేయించింది. "న్యుమోనియా. ఇంకొంచెం ఆగుంటే చెయ్యి దాటిపోయేది" అంది. గోరంత బొమ్మ ఎంత మాట చెప్పిందో అనుకుంది గంగాభవాని.

పొద్దువాలేసరికి డొక్కల పీకుడు తగ్గింది. అత్తాకోడళ్లు మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. అరచేతంత పొట్ట లేస్తోంది, దిగుతోంది. పుట్టినప్పటి నుంచీ అట్లా లేస్తూనే ఉంది. తాము వంటచేస్తున్నా, వలలు బాగుచేస్తున్నా, ఆదమరిచి నిద్రపోతున్నా, ఎవరూ చూడకపోయినా. ఇన్నాళ్లూ అది తమ కంటికి ఆననే లేదు. గంగాభవానికి ఒళ్లు గగుర్పొడిచింది.

"ఊపిరి తీయడం ఎవరు నేర్పినారు మే దీనికి?" అంది కామమ్మ గుసగుసగా.

గంగాభవాని బిడ్డ పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. చిట్టి ఇంకో ఊపిరి తీసింది.