రెండు గిటార్లు, ఒక మెచ్చుకోలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యమా అని ఈ ఊళ్ళో నాకు శత్రువులు లేరు. సాయంత్రాలు హోటల్లో గిటారు వాయించడం నా ఉద్యోగం. నా పక్కన నిలబడి పాడేవాళ్ళలో సగం మందికి శ్రుతి అంటే ఏమిటో తెలియదు. మిగతా సగానికి తెలుసు గానీ గొంతు మాట వినదు. అందరినీ "ఆహా, ఏం పాడారండీ!" అని సాగనంపుతాను. నాదేం పోయింది, నోటి మాటేగా.

మా బావ దగ్గర మాత్రం నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. బావంటే మా అక్క భర్త. ఇంటి వెనక రేకుల కొట్టంలో జాజ్ గిటార్లు చేస్తాడు. లోపలంతా డొల్ల, వయొలిన్‌కి ఉన్నట్టే ఉబ్బిన పొట్ట, దాని మీద రెండు వంకర రంధ్రాలు. ఆయన గిటారు చేతికి తీసుకుని బాగుందన్నానంటే అది బాగుండబట్టే అన్నాను. పొగడ్తల దుకాణం నడిపే నాకు అదొక సెలవు రోజులా ఉండేది.

ఆయన పద్ధతి వేరు. పైపలకని ఉలితో చెక్కి, పదునైన రేకుతో గీకి, మధ్యమధ్యలో రెండు వేళ్ళతో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి వింటాడు. "ఇంకా మూగగానే ఉంది" అని మళ్ళీ గీకుతాడు. నోరు విప్పిందనిపించిన క్షణంలో రేకు కింద పెట్టేస్తాడు. మందం కొలిచే పనిముట్టు ఆ కొట్టంలో కనబడదు. ఒకసారి నేనే కొనిచ్చాను. దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు. "కొలిచి చేసేది పెట్టె మరదలా, విని చేసేది వాయిద్యం" అన్నాడు.

నా పాత గిటారు మెడ వంగిపోయింది. కొత్తది చేసిపెట్టమని బావ ప్రాణం తీశాను. ఆయన ఒకటి కాదు, రెండు చేశాడు. ఒకే పొడవు, ఒకే మెడ, ఒకే రంగు. తేడా అంతా పొట్టలోనే. మొదటిది లోతైనది. పైపలక పాత చెక్కలోంచి చెక్కింది, దానికి ఎక్కడా కోత పెట్టలేదు, తీగల మోతని కరెంటుతో అందుకునే పికప్ కూడా మెడ చివర వేలాడుతూ ఉంటుంది. రెండోది సన్నది. పలచటి పొరలు అతికించి అచ్చులో నొక్కిన పైపలక, అందులో కోసి దింపిన రెండు పికప్‌లు. లోతుది మోత పెంచే యాంప్ లేకుండానే గదంతా పాడుతుంది, కానీ స్టేజీ మీద సౌండు పెంచితే ఊళ పెడుతుంది. సన్నది యాంప్ ఉంటే తప్ప నోరు విప్పదు, కానీ ఎంత పెంచినా బుద్ధిగా ఉంటుంది.

సెలవు రోజు మధ్యాహ్నం వెళ్ళాను. గేటు దగ్గరే అక్క నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"కొట్టంలోకి వెళ్ళేముందు ఒక మాట వినవే. మీ బావకి చెవులు పోతున్నాయి."

"ఏంటక్కా, ఆ మాటలు?"

"మాటలు బాగానే వినబడతాయి. సన్నటి చప్పుళ్ళే వినబడ్డం లేదు. ఆ కెటిల్ చూడు, చెవులు చిల్లులు పడేలా కూస్తుంటే పక్కనే కూచుని పేపరు తిప్పుకుంటారు. ఆయనకింకా తెలీదు. తెలిస్తే మనిషి బతకడే."

అక్క ఏడవలేదు, ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "ఆ లోతుదాన్ని కడుపులో బిడ్డలా మోశారు. అదే తీసుకో, బాగుందను. నీకది అలవాటేగా" అంది.

"బాగుంటే బాగుందనే అంటా."

"బాగోకపోయినా అను."

కొట్టంలో బావ బల్ల మీది పొట్టు తుడిచి, రెండు గిటార్లూ పక్కపక్కన పడుకోబెట్టి, తలకి నూనె రాసుకుని మరీ కూర్చున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా ఉన్నావు బావా అన్నాను. "పుట్టిల్లు ఒకటే, పిల్లలే ఇద్దరు. ఎవరిని చేసుకుంటావో తేల్చు" అని నవ్వాడు.

ముందు సన్నదాన్ని యాంప్‌కి తగిలించి వాయించాను. బాగుంది. వంక పెట్టడానికి ఏమీ లేదు, మురిసిపోవడానికీ ఏమీ లేదు.

తర్వాత లోతుది ఒళ్ళోకి తీసుకున్నాను. మొదటి మీటుకే ఒళ్ళు జలదరించింది. అంత గొంతు నేనెప్పుడూ వినలేదు. తీయగా, వెడల్పుగా, గోడల దాకా పోయి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. అక్క ఊరికే బెదిరించింది, మా బావ చెవులకేం కాలేదు అనుకున్నాను. ఆ సంతోషంలో వేళ్ళు సన్న తీగల మీదికి, మెడ పైకి పోయాయి. అక్కడ వినబడింది గరగర. స్వరం వెనకాలే, చిరిగిన కాగితం గాలికి కొట్టుకున్నట్టు సన్నగా.

మళ్ళీ మీటాను. మళ్ళీ గరగర. గిటారుని కిటికీ వెలుతురుకి వంచి చూశాను. తీగల్ని మోసే బ్రిడ్జి కింద పలక ఉబ్బుగా ఉండాలి. అక్కడ పిండి మీద బొటనవేలు నొక్కినట్టు చిన్న గుంట. బ్రిడ్జి దిగింది, తీగలు మెడకి రాసుకుంటున్నాయి.

నాకు అంతా అర్థమైంది. పలక ఎప్పుడో నోరు విప్పింది. ఆ సన్నటి మోత ఈయన చెవికి చేరలేదు. ఇంకా మూగగానే ఉందనుకుని గీకుతూ పోయాడు. పలచబడ్డ పలక కొత్తలో ఇలాగే దేవతలా పాడుతుంది. తర్వాత తీగల లాగుడుకి రోజురోజుకీ కుంగి, ఒకరోజు విరుగుతుంది.

తలెత్తి బావ మొహం చూశాను. పరాయివాడి గిటార్లో ఇంతలో సగం గరగర వినబడితే కచేరీ మధ్యలో లేచి వెళ్ళిపోయే మనిషి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వుతూ నా వంకే చూస్తున్నాడు.

ఆయన వెనకాల ఆకుపచ్చ ఇనప బీరువా ఉంది. పని నేర్పిన గురువు పోతూ పోతూ ఇచ్చిన చెక్కలో ఆఖరి రెండు పలకలు అందులోనే ఉంటాయి, బట్టలో చుట్టి. వాటి మీద చెయ్యి వేస్తే అక్కనైనా కసిరేవాడు. నేనిప్పుడు బాగుందంటే ఆ రెండింటినీ ఇలాగే గీకి మట్టిలో కలుపుతాడు. పైగా ఈ గిటారు రేపో ఎల్లుండో విరిగినప్పుడు తన చెవి పోయిందనీ తెలుస్తుంది, మరదలు కళ్ళలోకి చూసి అబద్ధమాడిందనీ తెలుస్తుంది. బాగోలేదంటే ఇప్పుడే, ఇక్కడే కూలిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గోడ మీద పిల్లిలా మొదలుపెట్టాను. "బావా, మా హోటల్లో డ్రమ్స్ పక్కనే నిలబడాలి. లోతుది ఊళ పెడుతుందేమో. సన్నదే నయమనుకుంటా."

"ఊళ పెడితే రంధ్రాల్లో గుడ్డ కుక్కు."

ఒకప్పుడు ఎవడో అలా కుక్కుకుని వాయిస్తున్నాడని విని, వాడికి మళ్ళీ గిటారు చెయ్యనని ఒట్టు పెట్టుకున్నది ఈయనే.

"బరువు కూడా బావా, నా భుజం..."

"కూచుని వాయించు. నీకు కుర్చీ వెయ్యరా ఏంటి? ఏంటే ఈ నసుగుడు? బాగుందా లేదా? ఒక్క మాట అను."

"సన్నదే ఇవ్వు బావా."

"ఎందుకు?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆయన మీద, అక్క మీద, ఆ బీరువా మీద, ఎక్కడెక్కడి దిక్కుమాలినవాళ్ళకో ఆహా ఓహో అని అరిగిపోయి ఇక్కడికొచ్చేసరికి మొరాయించిన నా నోటి మీద. "గరగరలాడుతోంది బావా. పలక కుంగిపోయింది. నీకు వినబడ్డం లేదు" అన్నాను.

బావ బల్ల మీద మిగిలిన కాస్త పొట్టునీ అరచేత్తో ఒక కుప్పగా చేశాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పోయిన వానాకాలం నుంచీ తెలుసు. కప్పు రేకుల మీద చినుకులు పడుతున్నాయి, నాకు చప్పుడు లేదు. ఈ పలక గీకేటప్పుడు కూడా చేతికి తెలుస్తూనే ఉందే, పలచబడిందని. చెవేమో ఇంకా కాదంటుంది. ఇన్నేళ్ళూ చెవి మాటే విన్నాను. ఆఖర్న దాన్ని కాదని చెయ్యి మాట ఎలా వినను?"

"మరి నన్నెందుకు పిలిచావు బావా?"

"తేల్చమని కాదు." నా వంక చూడకుండా అన్నాడు. "బాగుందనిపించుకుందామని. ఇదే ఆఖరిది. నువ్వు బాగుందంటే, పోనీ నా అనుమానమే తప్పేమో, బాగానే చేశానేమో అనుకుని గీకే రేకు పక్కన పెట్టేసేవాణ్ణి. ఊరందరికీ మెచ్చుకోళ్ళు పంచిపెడతావు కదే. తాగొచ్చి పాడేవాడికి కూడా ఆహా అంటావు. నా వంతు వచ్చేసరికే నిజం పుట్టుకొచ్చిందా?"

"ఆ పలకల కోసం చెప్పాను బావా. నీ గురువుగారి చెక్క. అదీ ఇలాగే అవుతుందని."

ఆయన లేచి బీరువా తలుపు తెరిచాడు. లోపల అక్క పాత దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి.

"నా దగ్గర పని నేర్చుకుని వెళ్ళిందే ఒకమ్మాయి, తనకి ఎప్పుడో ఇచ్చేశా. గురువుగారి చెక్క పాడుచేస్తానటే నేను?"

నేను గిటారుని ఒళ్ళో పట్టుకుని ఏడ్చాను. నా నిజం వల్ల ఒక్క చెక్కముక్క కూడా బతకలేదు. అన్నీ ముందే సర్దుకుని, అన్నీ ఇచ్చేసి, చివరికి ఒక్క మెచ్చుకోలు కోసం తలకి నూనె రాసుకుని కూర్చున్న మనిషి దగ్గర అదీ లాక్కున్నాను.

"ఊరుకో. ఏడిస్తే మీ అక్క వస్తుంది" అన్నాడు. "దానికి తెలీదు. తెలిస్తే తట్టుకోలేదు, పిచ్చిది. వాయించు ఏదో ఒకటి."

వాయించాను. మెడ పైకి పోకుండా లావు తీగల మీదే, గరగర లేనిచోటే తిరిగాను. బావ గిటారు వెనక పలకకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఏం తెలిసిందో నేను అడగలేదు.

ఆ పాట విని అక్క టీ గ్లాసులతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నేను చెప్పలా, దానికి నచ్చి తీరుతుందని!"

బావ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. "నచ్చడమేంటోయ్, ఇది ఇవ్వకపోతే ఇక్కడే కూచుంటానని మొండికేసింది. కళ్ళు చూడు, ఎలా ఏడ్చిందో" అన్నాడు. గట్టిగా నవ్వాడు. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. నా తల్లే, అబద్ధం ఎంత బాగా ఆడావే అని ఆ నొక్కుడుకి అర్థం. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడి టీ తాగాను.

లోతుదాన్ని పెట్టెలో పెట్టి, గేటు దాకా బావే మోసుకొచ్చాడు. "ఇంటికెళ్ళగానే తీగలు వదులు చేసెయ్యి. లాగి ఉంచితే కూలిపోతుంది. వదిలేస్తే ఇలాగే ఉంటుంది" అని మెల్లగా చెప్పాడు. సన్నదాన్ని తర్వాత ఎవరో వాయిద్యాల షాపువాళ్ళు కొని పట్టుకుపోయారట.

ఇప్పుడది నా గదిలో గోడకి ఉంది. తీగలు లేవు. పొట్ట మీద ఆ గుంట మాత్రం అలాగే ఉంది. నేను హోటల్లో మెడ వంగిన నా పాత గిటారుతోనే ఈడ్చుకొస్తున్నాను. పాడేవాళ్ళని మెచ్చుకోవడానికి మాత్రం నోరు రావడం లేదు. ఈమధ్య నీకు పొగరెక్కిందని మేనేజరు అంటున్నాడు.

అక్క తరచూ ఫోన్ చేస్తుంది. నిన్న కూడా చేసింది.

"ఎలా మోగుతోందే మన గిటారు?"

"బ్రహ్మాండంగా అక్కా. అందరూ అడుగుతున్నారు, ఎవరు చేశారని."

"మీ బావకి చెప్తా ఉండు. నువ్వు మెచ్చుకుని వెళ్ళిన దగ్గర్నుంచి ఎంత హుషారుగా ఉన్నారో తెలుసా? కూడు కూడా మర్చిపోయి పొద్దున్నుంచీ కొట్టంలోనే. ఇంకో గిటారు మొదలుపెట్టినట్టున్నారే. పలక మీద కొట్టి చూసుకుంటున్నారు. ఇదిగో, ఫోను కిటికీ దగ్గర పెడుతున్నా, విను."

ఆ కొట్టంలో గీకడానికి పలక లేదు. దుప్పట్లున్న బీరువా ఉంది, ఖాళీ బల్ల ఉంది. ఫోన్లోంచి వేలి కణుపు చప్పుడు వచ్చింది. టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్.

"వినబడుతోందా?" అంది అక్క.

"వినబడుతోంది అక్కా" అన్నాను.