జుట్టూ లేదు, కొమ్మూ లేదు

దర్జీ పిన్ని దొడ్లో దయ్యపు కోడి పుట్టిందని పక్కింటావిడ పాలాయనతో అందట. ఆ మాట చెవిన పడగానే పిన్ని కుట్టుమిషన్ వదిలేసి, కాలు నేల మీద ఆనకుండా దొడ్లోకి పరిగెత్తింది.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న, ఒళ్లంతా చుక్కలూ నెత్తిన కొమ్మూ ఉండే గిన్నీకోళ్లలో పుంజు నిరుడే పోయింది. మిగిలిన చుక్కల పెట్ట బెంగ పెట్టుకుంటుందని పిన్ని దాన్ని నాటుపుంజుతో కలిపి ఉంచింది. పెట్ట పెట్టిన పదకొండు గుడ్లు పొదగేస్తే పది మురిగిపోయి, ఒక్కటే పిల్లయింది; దానికిప్పుడు నాలుగు నెలలు. మొన్న ఆ పెట్టా పోయింది. ఇక పుట్టింటి కోళ్లకు ఈ పిల్లే దిక్కు.

"అత్తమ్మా, చూడండి! తండ్రి జుట్టూ రాలేదు, తల్లి కొమ్మూ రాలేదు. చుక్కలు మాత్రం అచ్చం తల్లివే! వచ్చే ఏటికి దీని పిల్లలతో దొడ్డి నిండిపోవాలి, పక్కింటావిడ కుళ్లుకు చావాలి!"

ఇటుకబట్టీలో కంచరగాడిదల్ని తోలి తోలి తల నెరిసిన అత్తగారు పిల్లను ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, కింద వదిలేసింది.

"ఇది గుడ్డు పెట్టదే. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిద ఈనడం ఎక్కడన్నా చూశావా?"