కనబడని మనిషి ఊపిరి

గోరువెచ్చటి ఉప్పునీళ్లు గొంతులో గరగరలాడించి, తాతారావు పెరటి గోడవతలకి ఉమ్మేశాడు. రెండుసార్లు. మూడోసారికి ఎడమ చేతిలో గ్లాసు బరువెక్కింది. నిన్నటి నుంచి ఆ చెయ్యి తనది కానట్టే ఉంది.

"గట్టిగా మాటాడొద్దని డాట్రు సెప్పేడు కదేటి," గుమ్మంలోంచి పెళ్లాం గురమ్మ అంది. "మూడింటికి రాయగడలో రైలు పెట్టుకుని ఇప్పుడు సినిమా ఏటి నీకు?"

"ఒక్క ఆటే. పన్నెండున్నరకి అయిపోద్ది. నువ్వు బస్టాండుకాడ ఉండు, నేనొచ్చెత్తాను."

"బయమేస్తందా?"

"నాకేటి బయం."

భయమే. గుండె బాగా పాడైంది, వెంటనే విశాఖ పెద్దాసుపత్రిలో చేరమన్నాడు రాయగడ డాక్టరు. ఛాతీ కోస్తారట. పొద్దున్న రైలు ఒకటి ఉంది. బట్టలు ఉతుక్కోవాలని అబద్ధమాడి తాతారావే దాన్ని వదిలేశాడు. ఇంకో మూడు గంటలు ఆ కత్తికి దూరంగా, తనకి తెలిసిన చీకట్లో కూర్చోవాలనిపించింది.

అది తొంభై నాలుగో సంవత్సరం. ఒరిస్సాలో, రాయగడ పక్కనున్న తెరుబలిలో ఫ్యాక్టరీ గేటుకి ఎదురు సందులో మన్మథరావు వీడియో హాలు ఉండేది. హాలంటే రేకుల షెడ్డు, పది బల్లలు, ఒక టీవీ. ఇంగ్లీషు సినిమా వేస్తే చూసేవాళ్లలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. తాతారావుకీ రాదు. కానీ టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని, మైకు పట్టుకుని, ముందు తెలుగులో, ఆనక ఒడియాలో కథంతా చెప్పేవాడు. ఇరవై ఏళ్లు లారీల్లోంచి రాళ్లు దించిన మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా బెత్తెడు కిందికి జారిపోయింది. ముందుపన్ను ఒకటి లేదు. ఊళ్లో ఎదురుపడితే ఎవరూ ఆగి పలకరించరు. మైకు ముందు కూర్చుంటే మాత్రం ఫ్యాక్టరీ షిఫ్టంతా అతని నోరు చూసేది.

అతని అసలు పనితనం భయం సినిమాల్లో. గుండెలదిరే చోటు రాగానే మాట మానేసేవాడు. చెయ్యి పైకెత్తేవాడు. మన్మథరావుకి అది గుర్తు. వెంటనే టీవీ గొంతు నొక్కేసేవాడు. ఇక హాల్లో మిగిలేది మైకులో తాతారావు ఊపిరొక్కటే. బల్లల మీద జనం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్లు.

ఆ రోజు క్యాసెట్టు నలుపు తెలుపుది. బక్కోడూ లావోడూ ఇద్దరు డిటెక్టివులు. ఓ పిచ్చి ప్రొఫెసరు సూదిమందుతో మనిషిని మాయం చేసేస్తాడు. ఆ కనబడని మనిషిని వీళ్లిద్దరూ వెతకాలి. లావోడు బకెట్లో కాలు పెట్టి మెట్లన్నీ దొర్లాడు. హాలు గొల్లుమంది.

"ఒరే తాతారావూ," ముందు బల్లమీంచి కొలిమి పని సన్యాసయ్య అరిచాడు, "ఆ లావోడు మన మన్మథరావు లాగున్నాడ్రా."

"మన్మథరావు అంత తొందరగా మెట్లు దిగ్గలడేటి?" మైకులో అన్నాడు తాతారావు.

వెనకనుంచి మన్మథరావు తిట్టిన తిట్టుకి మళ్లీ నవ్వులు. తాతారావు కూడా నవ్వబోయాడు. నవ్వు ఎడమ దవడ దగ్గర పట్టేసింది.

తెరమీద లావోడు ప్రొఫెసరు గదిలోకి ఒంటరిగా వెళ్లాడు. గాజు సీసాల్లో ఏదో బుడబుడలాడుతోంది. ఎవరూ లేరు. కుర్చీ దానంతటదే వెనక్కి జరిగింది.

"ఆడు వచ్చేడు," అన్నాడు తాతారావు. "ఈడికి కనబడ్డు. మనకీ కనబడ్డు. కానీ వచ్చేడు."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించి కూర్చున్నారు. చెమట కళ్లలోకి కారింది. ఒడియాలో చెప్పాల్సిన మాట నోటికి రాలేదు. ఆపెయ్యి, లైటు వెయ్యి, అందామనుకున్నాడు. గాలి తప్ప మాట రాలేదు.

చెయ్యి పైకెత్తాడు.

మన్మథరావు చూశాడు. అలవాటు ప్రకారం టీవీ గొంతు పూర్తిగా నొక్కేశాడు.

ఆగి ఆగి, గరగరమంటూ, ఊపిరి రేకుల కిందంతా నిండిపోయింది. ఇంత బాగా తాతారావు ఎప్పుడూ చెయ్యలేదని జనం అనుకున్నారు. సన్యాసయ్య పక్కవాడి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గురమ్మ తలుపు తెరుచుకుని లోపలికొచ్చింది. బస్సు ముందే వచ్చేసిందని చెప్పి లాక్కుపోదామని వచ్చింది. మొగుడి పని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఇంతమంది నోరు మూసుకుని అతన్నే వింటుంటే అడ్డం వెళ్లబుద్ధి కాలేదు. ఈ ముక్క అయ్యాక పిలుద్దామని చివరి బల్ల మీద కూర్చుంది. ఆమెకీ భయం వేసింది. అందరితో పాటు తెర వంకే చూసింది.

ఊపిరి ఆగింది.

"ఇప్పుడొస్తాడు సూడు ఆడు," సన్యాసయ్య గుసగుసలాడాడు.

తెరమీద తలుపు తెరుచుకుంది. లావోడు కెవ్వుమని నోరు తెరిచాడు. చప్పుడు లేదు. హాలు కాచుకుని ఉంది. ముప్ఫై ఏళ్లు ఆ ఊపిరి పక్కన పడుకున్న మనిషి గురమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"లైటెయ్యండి," అంది మెల్లగా. "బాబూ, లైటెయ్యండి."

లైటు వెలిగేసరికి తాతారావు స్టూలు మీదే, గోడకి తల ఆనించుకుని ఉన్నాడు. మైకు ఒళ్లో ఉంది. సన్యాసయ్య చెంపలు తట్టాడు, అరికాళ్లు రుద్దాడు. ఆ తర్వాత అతని చేతులు వాటంతటవే ఆగిపోయాయి. నలుగురు ఎత్తి సందు చివర జీపు దాకా మోసుకెళ్లారు. మిగతా జనం, వాళ్ల మధ్య గురమ్మ, వెనకే వెళ్లారు.

హాలు ఖాళీ అయింది. విశాఖ ఆసుపత్రిలో నున్నటి గచ్చు మీద ఉత్తకాళ్లతో ఏం తిరుగుతాడని, గురమ్మ బస్టాండు పక్క కొట్లో కొన్న కొత్త హవాయి చెప్పులు చివరి బల్ల మీద ఉన్నాయి, దుమ్మంటని నీలం పట్టీలతో, రెండింటినీ కలిపి కట్టిన తెల్లదారం ఇంకా తెంపకుండా.