చీలమండ దాకా

నేను ఒక ఎడమ పాదాన్ని. కాలిని కాదు, పాదాన్ని మాత్రమే. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పోత పోసి, చీలమండ దగ్గర కోసేసిన పాదాన్ని. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను అక్కడితో ఆగిపోవడం వల్ల గుంటూరులో ఒకామె ప్రాణం మీదికి వచ్చింది. అందులో నీ తప్పేముందని మీరు అనవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ అంత తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

పుట్టింది తెనాలిలో, విగ్రహాలు చేసే ఒక షెడ్డులో. ఎవరో పెద్దమనిషికి నిలువెత్తు విగ్రహం పెట్టాలని ఒక కమిటీ ముచ్చటపడింది. పాదాలు పోత పోయడం అయ్యాక, ఛాతీ వరకు చాల్లే అని మనసు మార్చుకుంది. ఆయన ముఖానికి దండలు పడ్డాయి. ఎడమా కుడీ మేమిద్దరం సున్నం బస్తాల పక్కన దుమ్ము కొట్టుకుని ఉండిపోయాం. మొక్కవలసి వస్తే మనుషులు పాదాలకే మొక్కుతారు, మూలన పడేయవలసి వచ్చినా పాదాలనే పడేస్తారు.

అక్కడి నుంచి మమ్మల్ని తెచ్చుకున్నది దమయంతి గారు. గుంటూరులో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని రిఫ్లెక్సాలజీ నేర్పే కేంద్రం పెట్టిన మనిషి. పాదం మీద ఒక్కొక్క చోట నొక్కితే శరీరంలో ఒక్కొక్క భాగానికి మేలు కలుగుతుందని ఆ విద్య నమ్మకం. ఆవిడ సన్న కుంచె తీసుకుని రెండు రోజులు కూర్చుని నా ఒళ్లంతా గీసింది. బొటనవేలు తల అయింది. వేళ్ల కింది ఉబ్బు ఊపిరితిత్తులు, లోపలి అంచు వెన్నెముక, నడుమ పొట్టా పేగులూ, మడమ నడుము కింది భాగం. ఎడమ పాదాన్ని కాబట్టి గుండె నాకు దక్కింది. కాలేయం కుడి పాదానికి వెళ్లింది. మొదటి బ్యాచ్‌లోనే ఎవరి చేతిలోంచో జారి అది ముక్కలైంది. ఆ రోజు నాకూ చిటికెన వేలి కొస ఎగిరిపోయింది.

బొటనవేలు నొక్కితే తలనొప్పి పోతుందా అని నన్ను అడగకండి. నాకు తల లేదు. దమయంతి గారు కూడా గొప్పలు చెప్పే రకం కాదు. "మనం హాయి ఇస్తాం, నిద్ర పట్టిస్తాం. రోగం కుదురుస్తామని ఎవరన్నా అన్నారో, ఆ రోజే సంచి సర్దుకోండి. జబ్బు పేరు మీ నోట రాకూడదు, మందులు మానమనే మాట అసలు రాకూడదు" అని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే గట్టిగా చెప్పేది. శరీరం గురించి కూడా ఓపిగ్గా చెప్పేది. పాదంలో ఇరవై ఆరు ఎముకలు ఉంటాయనీ, గుండె నుంచి కిందికి దిగిన రక్తం తనంతట తాను పైకి ఎక్కలేదనీ, నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని దాన్ని పైకి నెడుతుందనీ, మనిషి కదలకుండా పడుకుంటే ఆ రక్తం సిరల్లో నిలవ ఉండిపోతుందనీ. అందరూ నోట్సు రాసుకునేవారు. రాసుకుని మళ్లీ నా వైపే తిరిగేవారు, పరీక్షలో అడిగేది నా మీది బొమ్మల గురించే కాబట్టి.

వచ్చిన చిక్కల్లా తువ్వాలుతో. పాదాలు నొక్కించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు చీర పైకి జరుపుకోవడానికి మొహమాటపడతారని, మోకాలి నుంచి చీలమండ దాకా తువ్వాలు చుట్టి అంచు దోపడం ఆ కేంద్రంలో ఆనవాయితీ. ఎంతవరకు చుట్టాలో తెలియడానికి దమయంతి గారు నన్ను పట్టుకుని, నా కోత అంచు మీద వేలు పెట్టేది. "ఇదిగో, ఇక్కడ దాకా. మీకు ఇంతే కనపడాలి." తువ్వాలు చక్కగా చుట్టినందుకు పరీక్షలో ఐదు మార్కులు. అలా ఎనిమిది బ్యాచ్‌లు మనిషి కాలిని నా కొలతకు కుదించి చూడడం నేర్చుకున్నాయి.

తొమ్మిదో బ్యాచ్‌లో రాహేలు వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పన్నెండేళ్లు మిరపకాయల యార్డులో తొడిమలు తీసిన మనిషి. అరచేతులు ఎర్రగా, గీతల వెంట పగిలి ఉండేవి. మజ్జిగతో కడుక్కున్నా, కొబ్బరినూనె రాసుకున్నా ఆ మంట చల్లారేది కాదట. ఇంకో ఏడాది మిరపకాయలు ముడితే చేతులు పనికిరాకుండా పోతాయని చర్మం డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. ఊరి చివర ప్రకృతి వైద్యశాలలో పాదమర్దనకు ఒక మనిషి కావాలి, సర్టిఫికెట్ ఉంటే తీసుకుంటామన్నారు. అది రాకపోతే మళ్లీ యార్డే. అందుకే ఆమె అందరూ వెళ్లిపోయాక కూడా నన్ను ఒళ్లో పెట్టుకుని సాధన చేసేది. ఆ చేతుల వేడికి నా రంగు కూడా కాస్త మెత్తబడినట్టు అనిపించేది. చాలా చేతులు పడ్డాయి నా మీద, ఎక్కడ తప్పు నొక్కుతామోనని భయపడిన చేతులు అవే.

పరీక్ష మే నెలలో, మధ్యాహ్నం. హైదరాబాదు నుంచి విశ్వనాథం గారని పరీక్షాధికారి వచ్చాడు. చేతిలో ఒక పట్టిక, బల్ల మీద టైమరు పెట్టిన ఫోను. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, ఒక నిజమైన మనిషి పాదాలు. ఆ మనుషుల్ని దమయంతి గారే పిలిపించింది, అందరూ వీధిలో వాళ్లే. ఎవరికి ఏ జబ్బులున్నాయి, ఈ మధ్య ఆపరేషన్లు అయ్యాయా అని అడిగే కాగితాలను కూడా, తెలిసినవాళ్లే కదా అని, ముందు రోజే తన చేత్తో నింపేసింది. అన్నిట్లోనూ ఒకే వరుసలో లేదు, లేదు, లేదు.

రాహేలుకు వచ్చింది ఇస్త్రీ బండి మస్తానమ్మ. యాభై దాటిన మనిషి. మూడు వారాలుగా బండి తెరవకపోతే కూతురి ఊరు వెళ్లిందనుకున్నారు. మెట్లు ఎక్కి వచ్చిన ఆయాసంతో కుర్చీలో కూలబడి, "అమ్మాయ్, పిక్కలు పట్టేసినయ్. గట్టిగా నొక్కాల, పైపైన తడిమి పంపియ్యమాక" అంది.

రాహేలు తువ్వాళ్లు చుట్టింది. రెండు కాళ్లకూ, నా కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా. విశ్వనాథం గారు తలాడించి మార్కులు వేశాడు. తర్వాత ఆమె రెండు పాదాల మీద రెండు చేతులు ఆనించింది. అక్కడే ఆగిపోయింది.

నేను పక్క బల్ల మీదే ఉన్నాను. మస్తానమ్మ ఎడమ పాదం మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా పడి ఉంది. కుడి పాదం మీద లేదు. రాహేలు అది చూసింది. చూడడం వేరు, నమ్మడం వేరు. ఎడమ పాదం వేడిగా తగులుతోంది. కానీ ఆ వేడి మస్తానమ్మ పాదానిదా, తన చేతిదా? పన్నెండేళ్లుగా నిప్పుల్లా మండుతున్న చేతులు, వాటి మాట ఎలా నమ్మడం?

అప్పుడామె ఎవరూ చేయని పని చేసింది. రెండు అరచేతులూ తెచ్చి నా మీద పెట్టింది. ప్లాస్టర్‌ని కదా, ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాను. నా గుండె బొమ్మ మీద ఒక చెయ్యి, మడమ మీద ఒక చెయ్యి. చేతులు చల్లబడ్డాక వెళ్లి కుడి పాదం తాకింది. మామూలుగా ఉంది. మళ్లీ నా మీద పెట్టి, వెళ్లి ఎడమ పాదం తాకింది. గభాలున చెయ్యి తీసేసింది.

"మూడు నిమిషాలయ్యాయి" అన్నాడు విశ్వనాథం గారు. "అది మోడల్. నొక్కాల్సింది ఆవిడ పాదం."

"మొదలుపెట్టు రాహేలూ" అంది దమయంతి గారు మెల్లగా, తన పరువు పోతున్నట్టు.

రాహేలు మొదలుపెట్టలేదు. ఎడమ కాలి తువ్వాలు అంచు లాగింది.

"తువ్వాలు తీయకూడదు. ఐదు మార్కులు పోతాయి."

"పోనీండి సార్."

తువ్వాలు ఊడింది. పిక్క నున్నగా, బిగుసుకుని, ఎర్రగా ఉంది. రాహేలు కుడి కాలిది కూడా విప్పి, అదే తువ్వాలును కుడి పిక్క చుట్టూ తిప్పి, అంచు కలిసిన చోట వేలితో గుర్తు పట్టుకుంది. తర్వాత ఎడమ పిక్కకు చుట్టింది. గుర్తు కలవలేదు. మధ్యలో రెండు వేళ్ల ఎడం మిగిలింది. ఇన్నేళ్లూ కాలిని దాచిన తువ్వాలు ఆ రోజు కాలిని కొలిచింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇట్టా?"

"మూడు రోజులయిద్ది. మంచాన పడుంటే నీరు దిగిందేమోలే అనుకున్నా."

"మంచాన ఎందుకు పడున్నావు?"

మస్తానమ్మ మగాయన ఉన్నాడని గొంతు తగ్గించింది. "గర్భసంచి తీయించుకున్నాగా. మూడు వారాలు అయింది."

దమయంతి గారు బల్ల మీది కాగితం వైపు చూసింది. ఆపరేషన్ అన్న మాట ఎదురుగా, తన దస్తూరీలోనే, ‘లేదు’ అని ఉంది.

"జబ్బు పేరు చెప్పబోతున్నావా?" విశ్వనాథం గారు కలం పైకెత్తాడు. "అది నిషేధం. తెలుసు కదా?"

"పేరు చెప్పటం లేదు సార్. నాకు తెలవదు కూడా. చెయ్యి పెట్టనంటన్నా. డాక్టరు చూడాల, ఇప్పుడే."

"చెయ్యి పెట్టకపోతే మార్కులు వేయడానికి నా పట్టికలో చోటు లేదమ్మా." ఆయన కోపంగా అనలేదు. నిజంగానే చోటు లేదు. తువ్వాలు, ఒత్తిడి, వరుస, సమయం, అంతే ఉన్నాయి.

మస్తానమ్మకు చిర్రెత్తింది. "నొక్కితే తగ్గిద్దని మెట్లెక్కి వస్తే ఏందమ్మాయ్ ఇది? నువ్వు కాకపోతే ఇంకోళ్లు నొక్కుతారు" అని పక్క కుర్చీ వైపు లేవబోయింది. రాహేలు కింద కూర్చున్న మనిషి, ఆమె మోకాళ్ల మీద రెండు చేతులూ వేసి ఆపింది. అప్పటికే ఏడుస్తోంది.

"నేను నొక్కను. ఇంకెవురినీ నొక్కనియ్యను. నాకు ఈ కాయితం లేకపోతే రేపు మళ్లీ మిరపకాయల్లోకే పోవాల. అయినా నొక్కను. నా మాటిను."

దమయంతి గారు లేచింది. కాగితం తీసుకుని, తను రాసిన ‘లేదు’ కొట్టేసి, పక్కన ‘ఉంది’ అని రాసి సంతకం పెట్టింది. తర్వాత కిందికి వెళ్లి ఆటో పిలిచింది. మస్తానమ్మను నడవనివ్వకుండా కుర్చీతో సహా దింపారు. రాహేలు కూడా వెళ్లింది. టైమరు మోగింది. విశ్వనాథం గారు దాన్ని ఆపి, నాలుగు గళ్లలోనూ సున్నాలు వేశాడు. తువ్వాలుకు ముందు వేసిన ఐదు కూడా కొట్టేశాడు.

సాయంత్రం కబురు వచ్చింది. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డ కట్టింది. గట్టిగా నొక్కి ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉండేదని డాక్టరు చెప్పాడట. నా వేళ్ల కింద గులాబీ రంగులో ఉన్న ఊపిరితిత్తులు గుర్తొచ్చాయి. వాటిని ఎన్ని వందలసార్లు నొక్కారో. అసలైనవి అంత దగ్గరలో ఆగిపోయే ప్రమాదంలో ఉంటే, నేను గుండె బొమ్మ వేసుకుని బల్ల మీద ఊరికే కూర్చున్నాను. సిగ్గేసింది.

రాహేలు పరీక్ష తప్పింది. ప్రకృతి వైద్యశాల ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. దమయంతి గారు మాత్రం ఆమెను యార్డుకు పోనివ్వలేదు. "ముట్టుకోవడం నేను నేర్పుతా. ముట్టుకోకముందు చూడడం నువ్వు నేర్పు" అంది. సర్టిఫికెట్ ఆరు నెలలకు, రెండో ప్రయత్నంలో వచ్చింది. అప్పటికే ఒక బ్యాచ్‌కు పాఠం చెప్పేసింది. మస్తానమ్మ ఇప్పుడు మందులు వాడుతూ బండి నడుపుతోంది, స్టూలు మీద కూర్చుని.

తువ్వాలు ఇప్పటికీ చుడతారు, కానీ రెండు పిక్కలూ చూశాక. కాగితం మనిషిని కూర్చోబెట్టి అడిగి నింపుతారు. నా రంగులు వెలిసిపోయాయి. వరుసలు నేర్చుకోవడానికి కొత్త రబ్బరు పాదాలు రెండు వచ్చాయి. నన్ను ఇప్పుడు బ్యాచ్‌కి ఒకే ఒక్క రోజు, మొదటి రోజు మాత్రమే అలమారా మీంచి కిందికి దించుతారు. రాహేలు నన్ను రెండు చేతులతో ఎత్తుతుంది. ఆ చేతులు ఇప్పుడు మండవు. నాలాగే చల్లగా ఉంటాయి.

"దీనికి ఏం తక్కువైంది, చెప్పండి" అని నన్ను చేతులు మార్పిస్తుంది.

అందరూ తిప్పి తిప్పి చూస్తారు. చిటికెన వేలు విరిగిందంటారు. రంగు పోయిందంటారు. ఒకరు కుడి పాదం లేదంటారు. రాహేలు దేనికీ తలూపదు, తొందరపెట్టదు. ఎవరో ఒకరు నా కోత అంచు మీద వేలు ఆనించి, అనుమానంగా, "పైన కాలు లేదు మేడం" అనేదాకా ఊరుకుంటుంది. అప్పుడు పాఠం మొదలుపెడుతుంది.