గంపలో చెయ్యి పెట్టనివాడు

ఉప్పాడలో లోవరాజు ఇల్లు ఒకప్పుడు సముద్రానికి మూడో వరసలో ఉండేది. ముందున్న రెండు వరసలూ ఏటికేడాది నీళ్లలో కలిసిపోయాయి. ఇప్పుడు వంటింటి తలుపు తీస్తే ఎదురుగా సముద్రమే. పోటు ఎక్కువగా ఉన్న రోజుల్లో నేల కింద ఏదో దొర్లుతున్నట్టు వినిపిస్తుంది. లోవరాజు భార్య సత్యకుమారి అన్నం వారుస్తున్నదల్లా ఆ చప్పుడు ఆగేదాకా కదలకుండా నిలబడిపోతుంది. అడ్డంగా రాళ్ల గోడ కడతామని పెద్దవాళ్లు ఎందరో మాటిచ్చారు. కట్టారు కూడా, పాపం. ఆ రాళ్లనూ సముద్రం తీసుకుపోయింది.

అందుకే ఆ వేసవిలో, వేట నిషేధం ఉండగానే, లోవరాజు పడవ అమ్మేశాడు. కొత్తపల్లి వైపు బుల్లియ్య అనే రైతు దగ్గర చిన్న ఇంటి స్థలం మాట్లాడుకున్నాడు. బుల్లియ్య అన్నదమ్ముల పంపకాలు తేలాలి కాబట్టి రిజిస్ట్రేషన్ కార్తీకంలో పెట్టుకుందామన్నారు. పడవ డబ్బు స్థలానికి సరిపోతుంది. పునాదికి మాత్రం మిగలదు. ఈ నాలుగు నెలల్లో అది కాస్త పెరిగితే బాగుండునని లోవరాజుకు ఆశ పుట్టింది. ఆశ పుట్టిన ఇంటికి కబురు పెట్టకుండానే వచ్చేవాళ్లు ఉంటారు. ఇక్కడ వచ్చినవాడు సొంత మేనల్లుడు యుగంధర్.

యుగంధర్ కాకినాడలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బ్యాగు, తియ్యటి మాట. మావయ్య అంటే ప్రాణమే, ఆ మాట అబద్ధం కాదు. నెలాఖరు టార్గెట్ అన్నా ప్రాణమే. రెండు ప్రాణాలున్న మనిషితో వచ్చే చిక్కు ఏమిటంటే, ఏ రోజు ఏ ప్రాణం కాపాడుకుంటాడో వాడికే తెలియదు.

"మావయ్యా, రూల్ ప్రకారం ముందే చెప్పాలి, చెప్తున్నాను," అని మొదలుపెట్టాడు యుగంధర్. "మా ఆఫీసులో హారతి మేడమ్ గారని ఉన్నారు. ఆవిడ సలహాదారు. మన దగ్గర ఫీజు తీసుకుంటారు. తీసుకున్నాక మన మేలే చూడాలి, అది చట్టం. నేను పాలసీలు అమ్మేవాణ్ణి. నాకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు, కంపెనీ ఇస్తది. మీరు ఎవరి దగ్గరకెళ్తారో మీ ఇష్టం."

చట్టం అతని చేత ఆ మాటలు చెప్పించింది. ఎదుటివాడి బుర్రకు ఎక్కేలా చెప్పమని మాత్రం చెప్పలేదు.

లోవరాజు ముఖం చిన్నబోయింది. "నువ్వుండగా పరాయి మనిషికి డబ్బులిచ్చి మాట అడగమంటావేంట్రా? మీ అమ్మ వింటే ఏమనుకుంటాది?"

ఉప్పాడ ఒడ్డున చేపల వేలంపాట పాడేవాడికి ఒక పద్ధతి ఉంది. పాటకు ముందు అమ్మేవాళ్ల గంపలోంచి తనకు నచ్చిన చేప ఒకటి తీసి పక్కన పెట్టుకుంటాడు. అది తీసుకున్నాక గొంతు బొంగురుపోయేదాకా ఆ గంప కోసమే అరవాలి. కొనేవాడి దగ్గర కూడా చెయ్యి చాపాడని తెలిస్తే, మర్నాటి నుంచి వాణ్ణి ఒక్కరూ పాటకు పిలవరు. బంధువు పాడినప్పుడు మాత్రం గంపలో చెయ్యి పెట్టడు. పెడితే చుట్టరికాన్ని అమ్ముకున్నట్టు లెక్క. లోవరాజు ఈ బంధువు సంగతి గట్టిగా పట్టుకుని, ఎవరి చేప తీసుకుంటే వాళ్ల కోసమే అరవాలన్న మొదటిది గాలికి వదిలేశాడు. మేనల్లుడు తన గంపలో చెయ్యి పెట్టనన్నాడు కదా, ఇంకేం కావాలి?

సత్యకుమారి తలుపు దగ్గర నిలబడి వింటోంది. "మరి ఆ కంపెనీ నీకెందుకిస్తది అబ్బాయ్?" అని అడిగింది.

యుగంధర్ నవ్వాడు. లోవరాజు నవ్వలేదు. భార్య వైపు ఒక్క చూపు చూశాడు. ఇంటికి వచ్చిన మేనల్లుడిని ఆరా తీయడమా అన్న చూపు అది. సత్యకుమారి ఇంకేమీ అడగకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు అక్కడే వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"కార్తీకానికి డబ్బు చేతిలో ఉండాల్రా," అన్నాడు లోవరాజు.

"చూద్దాంలే మావయ్యా. ముందు పెరగనీ," అన్నాడు యుగంధర్. బుల్లియ్య అన్నదమ్ముల తగువు ఇంకో పదేళ్లయినా తెగదని అతను అప్పటికే మనసులో తేల్చేసుకున్నాడు. తనకు కావలసినట్టు తేల్చుకోవడం మనిషికి ఎంత తేలికో. పడవ డబ్బంతా పెట్టే ఒక పాలసీ కాగితాలు తీసి, సలహా అడగలేదు, సొంత నిర్ణయంతోనే కొంటున్నాను అని రాసి ఉన్న చోట చూపించాడు. లోవరాజు సంతోషంగా సంతకం చేశాడు.

వానలు వచ్చాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు ఒకచోట తెగింది. పక్కింటి వాళ్లు చెప్పాపెట్టకుండా సామాన్లు సర్దుకుని పోయారు. ఆ మర్నాడు వాళ్ల గది గోడ నిలువునా చీలి సముద్రంలోకి ఒరిగింది. సత్యకుమారికి నిద్ర పట్టేది కాదు. భయం ఆమె మాటల్లో కనిపించేది కాదు, చేతుల్లో కనిపించేది. సర్దిన గిన్నెల్నే మళ్లీ మళ్లీ మూట కట్టేది.

దసరా వెళ్లిన వెంటనే బుల్లియ్య వచ్చాడు. "పంపకాలు తేలిపోయాయండి. వచ్చే వారమే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం. ఇంకో బేరం కూడా వచ్చింది. మీతో మాటనుకున్నాను కాబట్టి ఆగాను. అన్నదమ్ములు మాత్రం ఆ వారం దాటితే ఆగరండి."

లోవరాజు ముఖం వెలిగిపోయింది. భార్యాభర్తలు ఆ పూటే కాకినాడ బస్సెక్కారు.

ఆఫీసులో యుగంధర్ వాళ్లకు మంచినీళ్లిచ్చాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. డబ్బు మాట ఎత్తేసరికి బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. చివరికి చెప్పాడు. "ఐదేళ్లదాకా తియ్యడానికి కుదరదు మావయ్యా. నచ్చకపోతే మొదటి నెలలో వెనక్కిచ్చే వీలుండేది. మీ ఫోనుకి మెసేజ్ కూడా వచ్చింది."

ఆ మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది. లోవరాజు ఫోన్లో అలాంటివి రోజుకు పది వస్తాయి. లాటరీ తగిలిందని కూడా వస్తాయి.

సత్యకుమారి లేచి నేరుగా హారతి గదిలోకి నడిచింది. లోవరాజు వెనకాలే వెళ్లాడు. హారతి వయసులో చిన్నదే. లేచి నిలబడి కుర్చీలు చూపించింది, జరిగిందంతా ఓపికగా వింది. కాగితాలు చూస్తున్నంతసేపూ ఆమె ముఖం మాడిపోతూనే ఉంది.

"నాలుగు నెలల్లో కావలసిన డబ్బుకి ఇది పనికొచ్చేది కాదండి. మీరు ముందు నా దగ్గరకొచ్చి ఉంటే కొననిచ్చేదాన్ని కాదు," అంది.

సత్యకుమారి బొడ్డున దోపుకున్న చిన్న సంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు తీసుకోండమ్మా మీ ఫీజు. ఏదో ఒక దారి చెప్పండి."

హారతి ఆ సంచి వైపు చూసి చేతులు వెనక్కి తీసుకుంది. "తీసుకోకూడదండి. ఒకసారి మా ఆఫీసు పాలసీ అమ్మిన కుటుంబానికి అదే ఆఫీసు సలహా ఇవ్వకూడదు. అది కూడా మీ మేలు కోసం పెట్టిన రూలే. బయట ఎవరినైనా అడగండి. ఫిర్యాదు పెట్టుకోవచ్చు, కానీ నెలలు పడుతుంది."

గుమ్మం దగ్గర మేనల్లుడు కనిపిస్తే లోవరాజు తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు వాడైతే సిగ్గు ఇతనికి వచ్చింది. స్థలం వారం తిరక్కుండా ఇంకొకరిదైంది.

కార్తీకంలో తుపాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం నుంచే జీపులో మైకు పెట్టి ఊరు ఖాళీ చేయమంటున్నారు. వంటిల్లు అప్పటికే పోయింది. గడప అవతల నురగ తప్ప ఏమీ లేదు. ట్రంకు పెట్టె, మంచం రోడ్డు పక్కకు చేర్చి మొగుడూ పెళ్లాం వానలో నిలబడ్డారు. అందరూ తుపాను శిబిరం పెట్టిన బడి వైపు పోతున్నారు.

అప్పుడు యుగంధర్ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా ఇంటికి వచ్చేయండి మావయ్యా. ఎన్నాళ్లయినా ఉండండి. పద అత్తా," అంటూ పెట్టె మీద చెయ్యి వేశాడు.

సత్యకుమారి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "నెలకెంత?"

"ఏంటత్తా?"

"అద్దె ఎంత తీసుకుంటావని అడుగుతున్నాను."

"మీ దగ్గర నేను డబ్బులు తీసుకోవడమేంటత్తా? నేను మీవాణ్ణి."

వెనక ఏదో పెద్దగా విరిగిన చప్పుడైంది. ముగ్గురిలో ఎవరూ అటు తిరగలేదు. పడవ అమ్మిన నాటి నుంచీ మేనల్లుడిని ఒక్క మాట అనని లోవరాజు ముందుకొచ్చాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎంతో చెప్పరా," అన్నాడు మెల్లిగా. "ఊరికే అంటే భయమేస్తంది."

యుగంధర్ ఎంతో చెప్పకుండా పెట్టె మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోవరాజు పెట్టె తలకెత్తుకుని, భార్యను ముందు నడవమని, బడి వైపు వెళ్లిపోయాడు.