పైపైనే

కూతురి కాన్పుకని వెళ్ళి, ఆస్పత్రి వరండాలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నీ చేలో కాస్త మట్టి తీసుకోనా? నర్సరీ కుండీల్లోకి. పైపైనే తీస్తాలే."

పైపైనే అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఏదో కాస్త, అంటీముట్టనట్టు. "దానికి కూడా అడగాలిట్రా?" అని నవ్వాను. నా ధ్యాసంతా లోపల నొప్పులు పడుతున్న పిల్ల మీదే ఉంది.

మనవరాలిని ఎత్తుకున్న సంబరంతో తిరిగొచ్చి, ఇంటికైనా వెళ్ళకుండా చేను చూద్దామని పోయాను. గట్టెక్కి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా యంత్రం పెట్టి గీకేశారు. అడుగున ఉన్న తెల్లటి సుద్దనేల బయటపడింది. దాని మీద యంత్రం పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి.

కొన్నప్పుడు కూడా ఆ చేను అలాగే ఉండేది. గడ్డపార వేస్తే ఖంగుమనేది. నవ్వినవాళ్ళు నవ్వారు. గట్ల మీద చెట్లు పెంచి రాలిన ఆకంతా అందులోనే కలిపాను. జనుము చల్లి, పూతకు రాగానే ఎరువుగా నేలలోకి దున్నించాను. వాననీళ్ళు ఈడ్చుకుపోకుండా అడ్డుకట్టలు వేశాను. నాతో జడ వేయించుకునే పిల్ల తల్లయ్యేంత కాలం పట్టింది, ఆ నేల నల్లబడడానికి. అప్పట్లో తమ్ముడూ నా వెంటే తిరిగేవాడు. వాడికి పని కంటే కబుర్లెక్కువ.

ఫోన్ చేసి అరిచాను.

"పైపైనే కదక్కా తీసింది! మూరెడైనా తవ్వలేదు. కింద బోలెడుందిగా. అదీ మట్టే, ఇదీ మట్టే. నాకేం తెలుసు?"

ఏడుపొచ్చింది. వెర్రిబాగులవాడన్న జాలీ వేసింది. చిన్నప్పటి నుంచీ అంతే, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడు. తెలిసి చేస్తాడా పాపం! నాలుగు చీవాట్లు పెట్టి, మిగిలిందైనా తిరిగి చేలో పోయించుకుందామని వాడి నర్సరీకి బయల్దేరాను.

షెడ్డు పక్కనే నా మట్టి కుప్పగా ఉంది. వానపాములు ఇంకా మెదులుతున్నాయి. తమ్ముడు అటు తిరిగి, కారులో వచ్చిన ఒకావిడకి సంచి విప్పి చూపిస్తున్నాడు.

"మామూలు మట్టి పోసుకుంటే సరిపోదా?" అంటోందావిడ.

"అన్నీ ఒకటేనా అమ్మా! నేలకి ప్రాణమంతా పైన జానెడులోనే ఉంటుంది. అది పోతే కింద మిగిలేది శవమే. దీన్ని ఇలా తయారుచేయడానికి సగం జీవితం పట్టింది."

ఆ మాటలు నావి. చేలో వాడి అరచేతిలో పిడికెడు మట్టి పెట్టి నేను చెప్పినవి. ఒక్క ముక్క పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నాడు. అంటే తెలిసే చేశాడు.

"ఎవరికి పట్టింది?" అని అడిగిందావిడ.

"ఇంకెవరికమ్మా, నాకే," అన్నాడు తమ్ముడు, సంచి మూతి బిగించి కడుతూ.